పాట పోలేదు, చిరునామా మారింది

ఇంట్లో ఏదైనా వస్తువు కనబడకపోతే మన పెద్దవాళ్ళు "ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉంటుంది, కంగారు పడకుండా వెతకండి" అనేవారు. కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ మాటకు విలువ తగ్గలేదని గత సంక్రాంతికి మా ఇంట్లో రుజువైంది.

మా పెద్దత్త పెళ్ళిపాటలు చక్కగా పాడేది. బరంపురంలో మా వైపు ఏ తెలుగువారింట పెళ్ళి జరిగినా ఆమెకు పిలుపు వచ్చేది. మంగళస్నానాల పాటలు, బంతి పాటలు, అలక పాటలు, అప్పగింతల పాటలు, హారతులు అన్నీ ఆమెకు కంఠస్థమే. ఒక్కటీ కాగితం మీద లేదు. 1988 నుంచి 1994 దాకా వీలు దొరికినప్పుడల్లా టేప్‌రికార్డరు ముందు కూర్చోబెట్టి గంట కేసెట్లు 14 నింపాం. 2009లో ఆమె పోయింది. కేసెట్లకు బూజు పడుతోందని 2012లో ఒక దుకాణంలో ఇచ్చి కంప్యూటరు ఫైళ్ళుగా మార్పించాం. మొత్తం 212 పాటలు. వాటన్నిటినీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో పెట్టుకున్నాం. మరుసటి ఏడు అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మా మేడమీద గదిలోకి నీళ్ళు వచ్చి కేసెట్లన్నీ పాడైపోయాయి. అప్పటినుంచి ఆ డిస్కు ఒక్కటే దిక్కు.

సంక్రాంతికి మేనల్లుడు విశాఖపట్నం నుంచి వచ్చాడు. తన పెన్‌డ్రైవులో తెచ్చిన ఫొటోలు చూపించాడు. తర్వాత అత్త పాటలు పెడదామని హార్డ్ డిస్కు తగిలించాం. పాటల జాబితా మామూలుగానే తెరుచుకుంది. కాని ఏ పాట మీద నొక్కినా పక్కన ఒక ఆశ్చర్యార్థకం గుర్తు, "ఫైలు దొరకలేదు" అన్న సందేశం. ఒకటి కాదు, రెండు కాదు, 212 పాటలూ అంతే.

"దీనికింత కంగారెందుకు మావయ్యా? జాబితా మొత్తం తీసిపారేసి పాటలు మళ్ళీ ఎక్కించేస్తాను. ఐదు నిమిషాల పని" అన్నాడు వాడు.

పక్కనే కూర్చున్న మా చిన్నత్త ఒక ప్రశ్న వేసింది. ఆవిడకు 86 ఏళ్ళు. "ఒరే నాన్నా, అప్పుడు నేను చెప్పి రాయించిన పేర్లు కూడా మళ్ళీ వస్తాయా?"

వాడు మౌస్ మీద చెయ్యి తీసేశాడు. ఆ ప్రశ్నే మమ్మల్ని కాపాడింది. ఎందుకో తెలియాలంటే అసలు ఈ పాటల భాండాగారం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

పాట వేరు, జాబితా వేరు

గ్రంథాలయానికి వెళితే బీరువాలో పుస్తకాలుంటాయి. గుమాస్తా బల్ల మీద కేటలాగు ఉంటుంది. ఫలానా పుస్తకం ఫలానా బీరువా, ఫలానా అర అని కేటలాగు చెబుతుంది. ఎవరో బీరువాల నంబర్లు మార్చేస్తే పుస్తకాలు ఎక్కడివక్కడే ఉంటాయి, కాని కేటలాగు చూసి వెళ్ళినవాడికి ఒక్కటీ దొరకదు.

కంప్యూటరులో పాటలూ అంతే. డిస్కులో ఉండేవి పాటల ఫైళ్ళు. మనం తెర మీద చూసేది జాబితా. 2001లో వచ్చిన ఐట్యూన్స్ కానీ, మాక్ కంప్యూటర్లలో 2019 నుంచి దాని స్థానంలోకి వచ్చిన మ్యూజిక్ కానీ, ఇంకే పాటల ప్రోగ్రాము కానీ ఈ పద్ధతిలోనే నడుస్తాయి. జాబితాలో ప్రతి పాటకూ ఒక చిరునామా రాసి ఉంటుంది. చాలామంది ఇళ్ళలో పాటలు డిస్కులో ఉంటే జాబితా మాత్రం కంప్యూటరు లోపలే ఉంటుంది. ఈ సంగతి తెలియక డిస్కు భద్రంగా ఉంటే అంతా భద్రంగా ఉన్నట్టే అనుకుంటాం.

మొట్టమొదటి పరీక్ష

పాట పలకనప్పుడు చెయ్యవలసిన మొదటి పని ఏమిటంటే, జాబితాను పక్కన పెట్టి డిస్కును నేరుగా తెరవాలి. పాటలున్న ఫోల్డరులోకి వెళ్ళి ఏదో ఒక ఫైలు మీద రెండుసార్లు నొక్కి చూడాలి. అది పలికితే గుండెల మీద చెయ్యి వేసుకోవచ్చు. పాట ఉంది, తప్పు జాబితాది. ఫైలు ఉన్నా పలకకపోతే, లేదా డిస్కే తెరుచుకోకపోతే తప్పు డిస్కుది. ఈ రెండు రోగాలకూ మందులు వేరు. ఏ రోగమో తేల్చుకోకుండా ఏ మీటా నొక్కకూడదు.

మా ఇంట్లో ఆ పరీక్ష చేశాం. ఫైలు మీద నొక్కగానే అత్త గొంతు వినిపించింది.

జాబితా తప్పయితే

విండోస్ కంప్యూటరు తనకు తగిలించిన ప్రతి డిస్కుకూ ఒక ఇంగ్లీషు అక్షరం ఇస్తుంది. లోపలి డిస్కుకు మామూలుగా సి. బయటినుంచి వచ్చినవాటికి డి, ఇ, ఎఫ్ ఇలా ఖాళీగా ఉన్న అక్షరం దొరుకుతుంది. మా పాటల డిస్కు ఎప్పుడూ ఇ. జాబితాలో 212 చిరునామాలూ ఇ తోనే మొదలవుతాయి. ఆ రోజు మేనల్లుడి పెన్‌డ్రైవు ముందుగా వచ్చి ఆ అక్షరంలో కూర్చుంది. తర్వాత వచ్చిన మా డిస్కుకు ఎఫ్ దక్కింది. పెన్‌డ్రైవు తీసేశాక కూడా అది ఎఫ్‌గానే ఉండిపోయింది. జాబితా పాపం ఇ తలుపు దగ్గర నిలబడి పిలుస్తోంది, పలికేవారు లేరు.

దీనికి మందు సులభం. పాటల ప్రోగ్రాము మూసెయ్యాలి. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి మీట నొక్కితే వచ్చే పట్టీలో డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంటుంది. అందులో మన డిస్కును, సైజు చూసి, పేరు చూసి సరిగా గుర్తుపట్టి, దాని మీద కుడి మీట నొక్కి, చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్ అన్నచోట పాత అక్షరం తిరిగి ఇవ్వాలి. అక్కడే ఫార్మాట్ అనే మాట కూడా కనిపిస్తుంది. దాని జోలికి వెళ్ళవద్దు. మేం ఎఫ్ తీసి ఇ పెట్టాం. ప్రోగ్రాము తెరిస్తే 212 పాటలూ పేర్లతో సహా తిరిగొచ్చాయి.

కొత్తగా పాటలు కూర్చుకునేవారు మొదటినుంచే డిస్కుకు ఎమ్ వంటి దూరపు అక్షరం ఇచ్చుకుంటే మంచిది. వచ్చేపోయే పెన్‌డ్రైవులు అంతదాకా రావు. ఈ ఏర్పాటు ఆ ఒక్క కంప్యూటరుకే వర్తిస్తుంది. ఇంకో కంప్యూటరుకు తగిలిస్తే అక్కడ మళ్ళీ చూసుకోవాలి. మాక్ కంప్యూటరులో అక్షరాలుండవు, డిస్కు పేరే చిరునామా. అందుకని అక్కడ డిస్కు పేరు మార్చకూడదు.

అక్షరం సరిగానే ఉండి పాటలు దొరకకపోతే ఇంకా కొన్ని కారణాలు చూడాలి.

ఎవరైనా ఫోల్డరు పేరు మార్చి ఉండవచ్చు. "పాటలు" అన్నదాన్ని "పాత పాటలు" అని సర్దిపెట్టినా చిరునామా మారినట్టే. పాత పేరు తిరిగి పెడితే చాలు.

డిస్కు తగిలించకముందే ప్రోగ్రాము తెరిచి ఉండవచ్చు. అప్పుడు కొన్ని ప్రోగ్రాములు డిస్కు లేదనుకుని కొత్తగా ఎక్కించే పాటలను కంప్యూటరు లోపల వేరే ఫోల్డరులో పెట్టడం మొదలుపెడతాయి. సగం పాటలు ఇక్కడ, సగం అక్కడ అవుతాయి. ముందు డిస్కు, తర్వాత ప్రోగ్రాము అనే వరస తప్పకూడదు. తీసేటప్పుడు ముందు ప్రోగ్రాము మూసి, డిస్కును ఎజెక్ట్ చేసి, ఆ తర్వాతే వైరు పీకాలి.

డిస్కును బయట దుకాణంలో కంప్యూటరుకు తగిలించి తెచ్చాక ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్‌లు మాత్రమే కనిపిస్తే అది వైరస్ పని. ఆ షార్ట్‌కట్‌ల మీద నొక్కవద్దు. సాధారణంగా పాటలు చెరిగిపోవు, దాచబడతాయి. ముందు వైరస్‌ను యాంటీవైరస్‌తో తొలగించి, తర్వాత ఫోల్డరు కిటికీలో వ్యూ అన్నచోట హిడెన్ ఐటమ్స్ చూపించమంటే దాగినవి కనిపించవచ్చు.

మాక్ నుంచి పాటలు ఎక్కించిన డిస్కును కారులో పెట్టినప్పుడు ప్రతి పాటకూ తోడు పలకని పాట ఒకటి కనిపించడం కూడా మామూలే. చుక్కా అడుగు గీతా ముందుండే ఆ చిన్న ఫైళ్ళు మాక్ తన అవసరానికి రాసుకున్నవి. పాట చెడిపోలేదు.

డిస్కు తప్పయితే

డిస్కు అసలు కనిపించకపోతే ముందుగా అనుమానించవలసింది వైరును. డిస్కు కంటే ముందు పోయేది అదే. వేరే వైరు పెట్టి చూడాలి. అనేక వైర్లు తగిలించే హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటరుకే పెట్టాలి. చిన్న డిస్కులు వేరే కరెంటు లేకుండా యూఎస్‌బీ వైరు ఇచ్చే కరెంటుతోనే తిరుగుతాయి. అది చాలకపోతే దీపం వెలుగుతుంది కాని డిస్కు తిరగదు.

"ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని కంప్యూటరు అడిగితే వద్దనే చెప్పాలి. కంప్యూటరు అలా అడిగితే డిస్కు ఖాళీగా ఉందని అర్థం కాదు, అందులో రాసినది తనకు అర్థం కావడం లేదని. టీవీకి డిస్కు తగిలించినప్పుడు రికార్డింగు కోసం ఫార్మాట్ చెయ్యమంటారా అని కొన్ని టీవీలు అడుగుతాయి. పిల్లలు రిమోట్ పట్టుకుని సరే అన్నారంటే అంతే సంగతులు. అందుకని అసలు డిస్కును టీవీకి పెట్టకుండా ఒక పెన్‌డ్రైవులో నకలు తీసి పెట్టడం మంచిది.

పొరపాటున పాటలు చెరిపేస్తే ఆ డిస్కు మీద ఇక కొత్తగా ఏదీ రాయవద్దు. చెరిపిన మరుక్షణమే ఫైలు అదృశ్యం కాదు, ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే. దాని మీద వేరేది రాసేలోగా ఫొటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాములతో చాలావరకు తిరిగి తీసుకోవచ్చు. అలా తీసినవాటిని కూడా వేరే డిస్కులోకే తీయాలి. ఫొటోరెక్ పాటలు తెస్తుంది కాని ఫైళ్ళ పాత పేర్లు తేలేదు. పేరు ఎంత తేలిగ్గా పోతుందో చూడండి.

డిస్కులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు ఆగకుండా వస్తుంటే వెంటనే తీసెయ్యాలి. లోపల పళ్ళెం వంటి చక్రం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతూ ఉంటుంది. దాన్ని చదివే ముల్లు చక్రానికి తగలకుండా వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎత్తు కూడా లేని ఎడంలో తేలుతుంది. అది చక్రాన్ని గీరడం మొదలుపెడితే మనం పదేపదే తగిలించి చూసిన ప్రతిసారీ ఇంకొన్ని పాటలు పోతాయి. తట్టి చూడడం, ఫ్రిజ్‌లో పెట్టడం వంటి చిట్కా వైద్యాలు వద్దు. అందులో ఉన్నది నిజంగా అమూల్యమైతే డేటా రికవరీ చేసేవారి దగ్గరకు వెళ్ళాలి. ఖర్చు ఎక్కువ, ఫలితానికి హామీ ఉండదు.

పేరు పాటలోనే ఉండాలి

ఇక చిన్నత్త ప్రశ్నకు వద్దాం. జాబితా చెరిపి పాటలు మళ్ళీ ఎక్కించి ఉంటే ఆవిడ చెప్పిన పేర్లు రావు. ఒక్కటీ వచ్చేది కాదు.

దుకాణంవారు మాకిచ్చినవి వేవ్ ఫైళ్ళు. ధ్వని ఏమీ తగ్గకుండా దాచడానికి అవి మంచివే. కాని ఎంపీ3 ఫైలులో పాట పేరు, పాడినవారి పేరు ఫైలు లోపలే రాసుకునే చోటు అందరూ పాటించే పద్ధతిలో ఉంటుంది. వేవ్ ఫైలులో ఆ పద్ధతి అంత స్థిరంగా లేదు. చాలా ప్రోగ్రాములు మనం కొట్టిన పేరును జాబితాలో మాత్రమే రాసుకుంటాయి. మా ఫైళ్ళ అసలు పేర్లు ట్రాక్ 1, ట్రాక్ 2, అంతే. 2012 వేసవిలో చిన్నత్త నెల రోజులు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కొక్క పాటా విని, ఇది ఏ సందర్భంలో పాడేది, ఎవరి పెళ్ళిలో పాడినది, వెనక వంత పాడింది ఎవరు అని చెబితే నేను కొట్టాను. ఇప్పుడు ఆవిడకు వినికిడి తగ్గింది. ఆ పని మళ్ళీ చేయించడం సాధ్యం కాదు. గొంతు మిగిలేది. అది ఏ పాటో, ఎవరిదో చెప్పేవారు మిగిలేవారు కాదు. మన ఊళ్ళలో మనం వంద మందిమి ఉన్నప్పుడు పాట పేరు ఎవరో ఒకరికి తెలుస్తుంది. పిల్లలు ఒడియాలోనో తమిళంలోనో కన్నడంలోనో చదువుకుని తలోచోటికి వెళ్ళిపోయాక పేరు లేని పాట ఎవరిదీ కాకుండా పోతుంది.

అందుకని పండుగ వెళ్ళాక మూడు వారాలు కూర్చున్నాం. వేవ్ ఫైళ్ళన్నిటినీ ఫ్లాక్ అనే రకంలోకి మార్చాం. ఇందులో ధ్వని ఇసుమంత కూడా తగ్గదు, చోటు దాదాపు సగం పడుతుంది, పేర్లు ఫైలు లోపలే ఉంటాయి. అసలు వేవ్ ఫైళ్ళను చెరపకుండా ఒక పక్కన ఉంచాం. ఫైలు పేరులో కూడా సందర్భం, సంవత్సరం రాశాం. ఆ పైన పాత లెక్కల పుస్తకంలో 212 పేర్లూ చేత్తో రాసిపెట్టాం.

పేర్లు రాసేటప్పుడు ఒక్క మాట. సినిమా పాటలున్నవారికి ఇది మరీ ముఖ్యం. ఇంగ్లీషు అక్షరాల్లో ఘంటసాల పేరును ఒకరు హెచ్ పెట్టి, ఒకరు పెట్టకుండా, ఒకరు రెండు ఎ లతో రాస్తారు. సుశీల పేరుకైతే చెప్పనక్కరలేదు. మద్రాసు వైపు త అక్షరానికి టి పక్కన హెచ్ తప్పకుండా పెడతారు, ఆంధ్రలో చాలామంది పెట్టరు. మనకు ఒక్కరే అయినా కంప్యూటరుకు నలుగురు గాయకులు. పాట ఉండి కూడా వెతికితే దొరకదు. ఇంటిల్లిపాదికీ ఒకే వరస నిర్ణయించుకుని పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి. తెలుగు లిపిలోనే రాసుకుంటే ఇంకా మంచిది. ఇప్పటి యూనికోడ్ తెలుగు దాదాపు అన్నిచోట్లా కనిపిస్తుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పేర్లు మాత్రం ఆ ఫాంటు లేనిచోట గజిబిజి అక్షరాలుగా కనిపిస్తాయి. వాటిని మళ్ళీ కొట్టుకోవలసిందే.

ఒక్కటే ఉంటే లేనట్టే

హార్డ్ డిస్కు ఇనప్పెట్టె కాదు, తిరిగే యంత్రం. ఏ యంత్రమైనా ఒకనాటికి ఆగుతుంది. ముఖ్యమైనవాటికి మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి అనేది ప్రపంచమంతటా పాటించే సూత్రం. తుపాను చూసినవారికి ఆ మూడో నియమం ఎందుకో చెప్పనవసరం లేదు.

ఖర్చవుతుందని వెనుకాడవద్దు. సీడీ స్థాయి వేవ్‌లో గంట కేసెట్టు సుమారు 635 మెగాబైట్లు. మా 14 కేసెట్లు కలిపి 9 గిగాబైట్లకు లోపే. 16 గిగాబైట్ల చిన్న పెన్‌డ్రైవు చాలు. 128 కిలోబిట్ల ఎంపీ3 అయితే గంటకు 58 మెగాబైట్లే. పాటలతో పాటు జాబితా ఫైలును కూడా నకలు తీయడం మరచిపోవద్దు. ఒకచోట చెరిపితే రెండో చోటా చెరిగిపోయే ఇంటర్నెట్ సింక్ ఏర్పాటును మాత్రం రెండో ప్రతిగా లెక్కపెట్టకూడదు.

పెన్‌డ్రైవును బీరువాలో పెట్టి మరిచిపోతే అదీ నమ్మకం కాదు. ఏడాదికొక రోజు పెట్టుకోవాలి. మేం ఉగాది అనుకున్నాం. పచ్చడి తిన్నాక అన్ని ప్రతులూ తగిలించి తలో నాలుగు పాటలు విని చూడాలి. ఏదైనా పలకకపోతే మిగతావాటిలోంచి కొత్త ప్రతి తీసుకోవాలి. ఇప్పుడు మా దగ్గర డిస్కు ఉంది, పెన్‌డ్రైవు ఉంది, మూడోది విశాఖపట్నంలో మా చెల్లెలి బీరువాలో ఉంది.

చివరిగా చేసిన పని ఒకటుంది. పుస్తకం చదవడం రాని మనవలు రేపు ఈ పాటలు వింటారు. కంప్యూటరులో పేరు కనిపించినా అది తెలుగు లిపిలో ఉంటే వాళ్ళకు అర్థం కాకపోవచ్చు. అందుకని రేడియోలో పాటకు ముందు చెప్పినట్టు, ప్రతి పాట నకలుకూ ముందు పది సెకన్ల మాట చేర్చాం. ఫోనులో రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాముతో అతికించడమే. పుస్తకంలో ఉన్న పేరు నేను పెద్దగా చదివితే చిన్నత్త తన మాటల్లో చెప్పింది. ఆవిడకు వినికిడి తగ్గింది కాని గొంతు ఖంగుమంటూనే ఉంది.

"ఇది అప్పగింతల పాట. మా అక్క పాడింది. వెనక వంత పాడింది నేనే."

212 పాటల్లో ఇప్పటికి 90 పూర్తయ్యాయి. ఆవిడ రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే కుర్చీ లాక్కుని, "ఇవాళ ఎన్ని చెప్పాలిరా?" అని అడుగుతోంది.